రాజమండ్రిలో పదకొండేళ్ల ఆదివారాలు

ఉద్యోగరీత్యా రాజమండ్రి వచ్చి పదకొండేళ్లు దాటింది. ఊరి పేరు 2015లో మళ్లీ రాజమహేంద్రవరం అయినా మా ఇంట్లో ఎవరికీ అది నోటికి ఎక్కలేదు. సెలవులకు దిగిన చుట్టాలకు ఊరు చూపించే పని నా నెత్తినే పడుతుంది కాబట్టి, ఇక్కడ ఏది ఎంత విలువ చేస్తుందో బాగానే తెలిసొచ్చింది.

వచ్చినవారు కాళ్లు కడుక్కోకముందే అడిగేది పాపికొండలు. అవి ఊళ్లో లేవని ముందు చెప్పాలి. పొద్దున్నే బయలుదేరి గండిపోచమ్మ గుడి దాకా వెళ్లి అక్కడ లాంచీ ఎక్కాలి. నేను నాలుగుసార్లు వెళ్లాను. రెండు కొండల మధ్య గోదావరి ఇరుకయ్యే చోట ఎవరికైనా మాట ఆగిపోతుంది. స్పీకరు మాత్రం ఆగదు. కిందటిసారి మేమెక్కిన లాంచీలో పేరంటపల్లి వరకూ సినిమా పాటలే. మా అత్తయ్య చెవుల్లో దూది పెట్టుకుని కొండలు చూశారు. ఉక్కపోస్తోందని లైఫ్ జాకెట్ మాత్రం విప్పకండి. 2019లో కచ్చులూరు దగ్గర జరిగిన లాంచీ ప్రమాదాన్ని ఇక్కడెవరూ మరిచిపోలేదు.

ఒక్క పూటే ఉంటే ఆ ప్రయాణం మానేసి దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్లమంటాను. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే, 1925లో, మశూచితో పోయిన మనిషి గీసిన బొమ్మలవి. ‘సిద్ధార్థ రాగోదయం’ ముందు అందరూ ఆగుతారు. నేను ఆగేది పెన్సిల్ గీతల దగ్గర. నాలుగు గీతల్లో ఒక భుజం, ఒక జడ. తప్పు గీసిన చోట చెరపకుండా పక్కనే ఇంకో గీత. మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా అద్దానికి ముక్కు ఆనించి అరగంట నిలబడింది. ఆ అరగంటలో లోపలికి మరెవరూ రాలేదు. ఊరివాళ్లలోనే చాలామంది ఇది చూడలేదు, అదొక సిగ్గు.

ధవళేశ్వరం ఎలాగూ వెళతారు. కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కట్టించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది కొత్త బ్యారేజీ, 175 గేట్లు. మ్యూజియం పిల్లలకు బాగుంటుంది. నాకు మాత్రం వరద రోజుల్లోనే ఆ చోటికి ప్రాణం వచ్చినట్టు ఉంటుంది. జులైలో ఎర్రనీరు దిగగానే ఊరంతా అంకెల్లో మాట్లాడుతుంది: 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా పాలాయన పాల లెక్క తప్పుతాడేమో గానీ ఈ లెక్క తప్పడు. అయితే అది దూరం నుంచి చూడాల్సిన సంబరం. సెల్ఫీకని అంచుదాకా వెళ్లేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కడియం నర్సరీలకు చలికాలం ఉదయం వెళ్లండి; సంచీ తీసుకెళ్లకపోతే మంచిది, లేకుంటే మా బాల్కనీలాగే మీదీ నిండిపోతుంది. కోటగుమ్మం దగ్గర రోజ్‌మిల్క్ ఒక గ్లాసు చాలు. పుష్కరఘాట్‌లో హారతి ఒకసారి చూడదగ్గదే, పండుగ రోజుల్లో మాత్రం ఆ తొక్కిడి నాకు పడదు.

ఇన్నేళ్లలో నాకు విసుగు పుట్టనిది గట్టు ఒక్కటే. కోటిలింగాల రేవులో సాయంత్రం ఐదున్నరకు మెట్ల మీద కూర్చుంటాను. వేసవిలో ఇసుక తిన్నెలు, లంకల మీద మేసే గేదెలు. ఆగస్టులో నేను కూర్చునే మెట్టే కనిపించదు. కార్తీకంలో తెల్లవారుజామున వస్తే అరటిదొప్పల్లో దీపాలు వరసగా కదులుతుంటాయి. మెట్టు దిగేటప్పుడు నూనె జిడ్డుకు కాలు జారుతుంది, జాగ్రత్త. ఘాట్ల దగ్గర మరుగుదొడ్ల సంగతి అడగకండి. ఆడవాళ్లను తీసుకెళ్లే ప్రతిసారీ ముందు ఇంట్లోనే ఆ పని చూసుకోమని చెప్పాల్సి రావడం నాకు నచ్చదు.

హేవలాక్ వంతెన మీద 1997లోనే రైళ్లు ఆగిపోయాయి. మెట్ల మీద నుంచి చూస్తే పొద్దు దాని స్తంభాల వెనకే దిగుతుంది. మీకు సొంత బండి ఉంటే ఇంకో పని చేయండి: కొవ్వూరు వెళ్లి టీ తాగి, చీకటి పడే వేళకు 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన మీదుగా తిరిగి రండి. అతుకుల దగ్గర కుదుపులు ఉంటాయి, గాలి విసురుగా కొడుతుంది. సగం దూరం వచ్చాక మన కింది అంతస్తులోంచి రైలు వెళుతుంది. అది కనిపించదు. ముందు హ్యాండిల్ సన్నగా వణుకుతుంది, తరవాత అరికాళ్లు. వెనక కూర్చున్న మా తమ్ముడి కొడుకు మొదటిసారి భయపడి నా చొక్కా పట్టుకున్నాడు. అవతలి గట్టుకు చేరగానే, ‘‘పెదనాన్నా, మళ్లీ వెళదామా?’’ అన్నాడు. బండి తిప్పాను.