కడపలో వేయించిన ప్లాస్మా పూత

ఎర్రగుంట్లలోని మా నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో రాతి బురద, పంపు షాఫ్టు మీద తొడిగే స్టీలు గొట్టాన్ని (స్లీవును), నీరు కారకుండా షాఫ్టు చుట్టూ బిగించే గ్లాండ్ ప్యాకింగ్ దగ్గర నాలుగు నెలలకే గాడి పడేలా అరగదీస్తుండడంతో, ప్రతిసారీ కొత్తది కొనే బదులు ప్లాస్మా స్ప్రే పూత వేయిద్దామని కడపలోని ఒక చిన్న వర్క్‌షాపుకు రెండు స్లీవులు తీసుకుపోయాను.

పనిని దగ్గరుండి చూడనివ్వడం నాకు అన్నిటికంటే నచ్చింది. ముందు లేత్ మీద పావు మిల్లీమీటరు తీసి, అల్యూమినా పొడి కొట్టి గరుకు చేసి, ఆ తరువాత చేయి తగలనివ్వకుండా నికెల్ కలిసిన అడుగుపూత వేశారు. నల్ల అద్దంలోంచి చూస్తే పూత చల్లే గన్ మూతి నుంచి వచ్చే జ్వాల జానెడు కూడా లేదు గానీ, దాని హోరుకు చెవులు మూసుకోక తప్పలేదు. గన్ లోపల టంగ్‌స్టన్ కడ్డీకీ రాగి నాజిల్‌కూ మధ్య వెలిగే విద్యుత్ ఆర్క్ గుండా పోయే ఆర్గాన్, హైడ్రోజన్ వాయువులు దాదాపు పదివేల డిగ్రీలకు వేడెక్కి, ఒక్కసారిగా వ్యాకోచించి ధారగా దూసుకొస్తాయి. ఆ ధారలోకి పక్క నుంచి వదిలిన క్రోమియం ఆక్సైడ్ పొడిలోని మైక్రాన్ల రేణువులు రెప్పపాటులో కరిగి, సెకనుకు 200 మీటర్లకు మించిన వేగంతో తగిలి, గోడకు కొట్టిన పిడకల్లా చదునై ఒకదాని మీద ఒకటి అతుక్కుంటాయి. గన్ ఆగకుండా కదులుతూ ఉంటుంది, పక్క నుంచి గాలి కూడా కొడుతుంటారు కనుక స్లీవు వంకర పోయేంత వేడెక్కదు. మా స్లీవును తిన్నదీ పొడే, దాన్ని తిరిగి నింపిందీ పొడే.

లోపాలు లేకపోలేదు. గట్టి పూతను నున్నగా చేసే డైమండ్ వీల్ వాళ్ల దగ్గర లేనందువల్ల గ్రైండింగ్‌కు బయటికి పంపుతారు. “రేపు పొద్దున రండి సార్” అన్న మాట పన్నెండు రోజులు విన్నాను. అంచు చెక్కకుండా ఇచ్చిన మొదటి స్లీవు బిగించేటప్పుడే పెచ్చు లేచింది. మా ఫిట్టరు సుత్తితో తట్టిన మాట నిజమే అయినా, పెళుసైన పూతకు పదునైన అంచు వదలకూడదని తెలియవలసినది వాళ్లకే. అడగగానే డబ్బు తీసుకోకుండా మళ్లీ వేసిచ్చారు.

కొత్త స్లీవు ధరలో ముప్పావు వంతు ఖర్చయింది. రెండవ స్లీవు ఏడు నెలలుగా తిరుగుతోంది. ప్యాకింగ్ విప్పి చూస్తే గోటికి తగిలే గాడి లేదు. పంపు లోపల తిరిగే రెక్కల చక్రానికీ (ఇంపెల్లరుకూ) వేయమని అడిగితే మాత్రం, గన్‌కు ఎదురుగా ఉన్న చోటే పొడి పడుతుంది, రెక్కల లోపలికి అందదు అని చెప్పి తిప్పి పంపారు.