సీతాఫలం గిన్నె కోసం రెండు ఆదివారాలు

సైనిక్‌పురిలో ఒక ఇంటి మేడ మీద నడిచే మట్టి పాత్రల క్లాసుకి సెప్టెంబరులో రెండు ఆదివారాలు వెళ్లొచ్చాను. ఫీజు 2,800. మట్టి, కాల్చడం అన్నీ అందులోనే. చివర్లో ఒక గొడవుంది కాబట్టి పేరు రాయడం లేదు.

ఇక్కడ కుమ్మరి సారె ఉండదు, అంతా చేత్తోనే. ముద్ద మధ్యలో బొటనవేలు దించి, పూర్ణం పెట్టడానికి బొబ్బట్టు పిండిని ఒత్తుకున్నట్టు గిన్నెలా ఒత్తుకోవాలి. గోడ పెంచాలంటే చేగోడీలకి పామినట్టు మట్టిని పాముకుని, చుట్టుకుంటూ పోవాలి. ఇరవై ఏళ్లుగా వంటింట్లో చేస్తున్న పనే కదా అని నాకు టెన్షన్ లేదు. పక్కనున్న సాఫ్ట్‌వేర్ అబ్బాయి గోడే పాపం మూడుసార్లు కూలింది.

చెట్టు నుంచి వచ్చినది ఏదైనా తెచ్చుకోమన్నారు. ఒకావిడ రావి ఆకులు తెచ్చింది. చపాతీ కర్రతో పరిచిన మట్టి మీద ఒత్తితే ఈనెలన్నీ అచ్చు పడ్డాయి. నేను బండి మీద కొన్న సీతాఫలం తీసుకెళ్లాను, ఇంకా కళ్లు విచ్చని కాయ. గిన్నె బయటివైపు దాని కళ్లు రావాలంటే, ఒక్కో కన్నూ మట్టి ఉండలా చేసి, అతికే చోట రెండువైపులా గీతలు గీకి, చిక్కటి మట్టినీళ్లు రాసి అంటించాలి. గీకకపోతే ఆరాక ఊడిపోతాయన్నారు. బద్ధకించి వదిలేసిన మూడూ వారం తిరిగేసరికి ఊడాయి. ‘కళ్లు మూసుకుని తడమండి, ఎక్కడ తేడా ఉందో వేళ్లకే తెలుస్తుంది’ అంది టీచరమ్మ. నిజమే, ఒకవైపు మరీ నున్నగా ఉంది. నేర్పడంలో ఆవిడకి వంక పెట్టలేను.

గొడవంతా తర్వాతే. మూడు వారాల్లో ఇస్తామన్నది ఆరు వారాలు పట్టింది. 15 సెంటీమీటర్ల గిన్నె 13కి దిగింది. అది వాళ్ల తప్పు కాదు, ఈ స్టోన్‌వేర్ మట్టి (ఎక్కువ వేడిలో కాల్చే రకం) ఆరి, కాలేసరికి పన్నెండు శాతం దాకా కుంచించుకుపోతుందని ముందే చెప్పారు. కానీ మొదటిసారి 1,000 డిగ్రీల దగ్గర కాల్చాక, గ్లేజు, అంటే కాలితే గాజులా మారే పూత, పల్చగా వేయమన్నా వినకుండా బకెట్లో నిలువునా ముంచారు. 1,200 డిగ్రీలు దాటాక అది కరిగి సందులన్నీ పూడ్చేసింది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు. ఇక్కడ ఆ గుదియ, అదే దుడ్డుకర్ర, కూడా అక్కర్లేకపోయింది. మా అత్తయ్యగారు చేతిలోకి తీసుకుని ‘ఏంటమ్మా, పనసకాయా?’ అన్నారు.

రావి ఆకుల ఆవిడ తెలివైంది. బయటివైపు గ్లేజు వద్దని, ఎర్రటి ఐరన్ ఆక్సైడ్ నీళ్లలో కలిపి పూసి, స్పాంజితో తుడిపించుకుంది. రంగు ఆకు ఈనెల గాడుల్లోనే నిలిచింది, వేలికి గరుకు అలాగే తగులుతోంది. మీరు వెళ్తే గ్లేజు లోపలికి మాత్రమే అని చీటీ రాసి గిన్నెకే కట్టండి. నేను సీతాఫలాలు అయిపోయేలోపు మళ్లీ వెళ్తున్నా.

అన్నట్టు, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు.