ప్రీ లాంచ్ ప్లాట్లు కొనేవాళ్లు జాగ్రత్త: "రావొచ్చు" అన్నదానికి డబ్బు కట్టకండి

విశాఖ దగ్గర భోగాపురం, ఆనందపురం, తగరపువలస వైపు ప్లాట్లు చూస్తున్నవాళ్లు టోకెన్ ఇచ్చేముందు ఇది చదవండి. కంపెనీ పేరు రాయడం లేదు. లాయర్ నోటీసు వెళ్లింది, ఇప్పుడు రాయకూడదు. అయినా పేరు తెలిస్తే మీరు ఆ ఒక్క కంపెనీనే తప్పించుకుంటారు, ఈ పద్ధతి మాత్రం ఆ రోడ్డు పొడుగునా చాలా ఫ్లెక్సీల వెనకాల ఉంది.

హైవేకి కాస్త లోపల ఒక వెంచర్. ప్రీ లాంచ్ రేటు (అంటే అనుమతులు రాకముందే అమ్మే రేటు) అని చెప్పి గజం చుట్టుపక్కల కంటే బాగా తక్కువకి ఇస్తామన్నారు. కారు పంపించి సైట్ చూపించారు, ఏజెంట్ కుర్రాడు మంచి మర్యాదస్తుడు. ఎయిర్‌పోర్టు వచ్చేస్తోంది సార్, తర్లువాడలో గూగుల్ డేటా సెంటర్, మెట్రో ఇటు పొడిగించొచ్చు, మన వెంచర్ ముందు నుంచే వంద అడుగుల రోడ్డు పడొచ్చు, వీఎంఆర్డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) అప్రూవల్ ఆర్నెల్లలో వచ్చేస్తుంది, రెండేళ్లలో రేటు డబుల్ అంటూ ఆపకుండా చెప్పాడు. మా ఆవిడ "రెరా నంబరు ఏదీ?" (రియల్ ఎస్టేట్ చట్టం కింద ప్రాజెక్టుకి ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు) అనడిగితే "అప్లై చేశాం మేడమ్, ప్రాసెస్‌లో ఉంది" అన్నాడు. టోకెన్ తీసుకున్నారు, తర్వాత ఆఫర్ ముగిసిపోతోందని ఫోన్ మీద ఫోన్ చేసి మొత్తం ధరలో 30 శాతం కట్టించుకున్నారు. అగ్రిమెంట్ రిజిస్ట్రేషన్ మాత్రం లేదు, రసీదు ఒక్కటే.

ఆర్నెల్లు ఎప్పుడో దాటిపోయాయి. అప్రూవల్ లేదు, రోడ్డు లేదు, సైట్‌లో పాతిన రాళ్లు కూడా సగం కనిపించడం లేదు. డబ్బు వెనక్కి ఇమ్మంటే ఆఫీసులో రసీదు వెనక్కి తిప్పి చూపించారు: అనుమతులు సంబంధిత శాఖల నిర్ణయానికి లోబడి ఉంటాయి, ఆలస్యానికి కంపెనీ బాధ్యత లేదు, కట్టిన మొత్తం తిరిగి ఇవ్వబడదు. పైగా ఆ కుర్రాడే నవ్వుతూ "రాదని ఎవరన్నారు సార్, ఇప్పటికీ వచ్చే చాన్స్ ఉంది కదా" అన్నాడు.

ఒళ్లు మండింది గానీ, అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే ఇందులో అసలు ప్రమాదం. అబద్ధమైతే ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. వీళ్లు చెప్పేవన్నీ జరగడానికి వీలున్నవే, ఏదీ అసాధ్యం కాదు. కానీ జరగడానికి వీలుండటం వేరు, జరిగే సూచన గట్టిగా ఉండటం వేరు. నోటితో రెండోది అమ్ముతారు, కాగితం మీద మొదటిదే రాస్తారు, గొడవ వచ్చిన రోజు కాగితమే చూపిస్తారు.

ఒక లెక్క చెప్తాను, సైట్ విజిట్‌కి వెళ్లేముందు ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసి మీరే వేసుకోండి. రేటు డబుల్ కావాలంటే అప్రూవల్ రావాలి, రోడ్డు పడాలి, భూమి పట్టాలో చిక్కులు ఉండకూడదు, ఎయిర్‌పోర్టు చుట్టూ ఊరు పెరగాలి, అప్పటిదాకా కంపెనీ చేతులెత్తేయకూడదు. ఒక్కోదానికి 80 శాతం ఇద్దాం, అది కూడా చాలా ఉదారంగా. దేనికది వేరు అనుకుని ఐదూ కలిసి జరగాలంటే 0.8ని ఐదుసార్లు గుణించాలి. వచ్చేది దాదాపు 33 శాతం, అంటే మూడింట ఒక వంతు. (కొన్ని ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి అంకె కొంచెం మారొచ్చు, కానీ 80 దగ్గరికైతే వెళ్లదు.) వింటున్నప్పుడు మాత్రం వివరాలు పెరిగేకొద్దీ నమ్మకం పెరుగుతుంది. ట్వెర్‌స్కీ, కానెమన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1983లో ఈ పొరపాటు మీదే పేపర్ రాశారు. మన ఏజెంట్లు దాన్ని చదివి ఉండరు గానీ ప్రాక్టికల్స్ అన్నీ చేసేశారు.

వైజాగ్‌లో ఉన్నవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు కూడా. భోగాపురం ఎయిర్‌పోర్టుకి 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన చేశారు. రైల్వే జోన్ ప్రకటన 2019 ఫిబ్రవరిలో వస్తే జోన్ ఆఫీసు శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది. మెట్రో సంగతి ఇంకా బాగుంటుంది: 2014 విభజన చట్టంలో ఉన్నది విశాఖలో మెట్రో సాధ్యమో కాదో పరిశీలించాలని మాత్రమే, దాన్ని బ్రోచర్లలో స్టేషన్లతో సహా గీసేశారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే గజం రేట్లు ఎలా ఎగిరాయో గుర్తుందిగా? 2021 నవంబరులో దానికోసం చేసిన చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. ఇవేవీ జరగవని నేననడం లేదు, కొన్ని జరిగాయి, కొన్ని జరుగుతున్నాయి. కానీ ఇంత చూశాక కూడా "ఆర్నెల్లు" అనే మాటకి ఎవరైనా డబ్బు కట్టమంటే, గతంలో ఏ పని ఆర్నెల్లలో అయిందో చూపించమనండి. డేటా సెంటర్ వచ్చినా, అది ఎక్కువగా సర్వర్లు ఉండే చోటు, దాని పక్కన మీ ప్లాటు రేటు ఎంత పెరుగుతుందనేది మళ్లీ వేరే ప్రశ్న.

నాకు పనికొచ్చిన ప్రశ్న ఒకటుంది, ఇప్పుడు మా బావమరిది కోసం వేరే వెంచర్లలో అదే అడుగుతున్నాను. "అప్రూవల్ వస్తుందని అంత గట్టిగా చెప్తున్నారు కదా, ఫలానా తేదీకి రాకపోతే వడ్డీతో వెనక్కి ఇస్తామని స్టాంపు పేపర్ మీద రాసివ్వండి." వాళ్లకి నిజంగా నమ్మకముంటే ఆ కాగితం వల్ల వాళ్లకి పోయేదేం లేదు. ఒకాయన టీ కప్పు కింద పెట్టి "మా చైర్మన్ గారితో మాట్లాడి చెప్తాను" అని లేచి వెళ్లాడు, ఇప్పటికీ మాట్లాడుతూనే ఉన్నట్టున్నారు.

ఇంకో మాట, ఆ కంపెనీ పాత వెంచర్లు ఎన్నిటికి ఫైనల్ ఎల్పీ నంబరు (లేఅవుట్‌కి ఇచ్చే తుది అనుమతి నంబరు) వచ్చింది, చెప్పిన గడువుకి ఎంత లేటుగా వచ్చిందో అక్కడ కొన్నవాళ్లనే అడగండి. బ్రోచర్ కంటే అదే మంచి అంచనా. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపించే కాగితం), లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందో లేదో, డీ పట్టా భూమి (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన భూమి) ఏమైనా కలిసిందో, ఇవన్నీ మీ సొంత లాయర్‌తో చూపించుకోండి, కంపెనీ లాయర్‌తో కాదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2016 రెరా చట్టం సెక్షన్ 3 ప్రకారం రిజిస్ట్రేషన్ కావలసిన ప్రాజెక్టుకి అది రాకముందు ప్రకటనలూ ఇవ్వకూడదు, బుకింగూ తీసుకోకూడదు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్లు ఇందులోకి వస్తాయి. "అప్లై చేశాం" అంటే నంబరు లేదనే అర్థం. సెక్షన్ 13 ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. మా దగ్గర 30 తీసుకున్నారు, ఇప్పుడు మా ఫిర్యాదులో గట్టి పాయింటు అదే.

అదే వెంచర్‌లో అలాంటి రసీదే ఉన్నవాళ్లు, వెనకాల చిన్న అక్షరాలు ఉన్న పసుపు రంగు రసీదు, నాకు మెసేజ్ పెట్టండి. కలిసి వెళ్తే లాయర్ ఖర్చు తగ్గుతుంది. డబ్బు ఇచ్చేస్తామని వాళ్లు ఫోన్ చేస్తే ఒరిజినల్ రసీదు మాత్రం ముందే ఇవ్వకండి, డీడీ చేతికొచ్చాకే.