ఒంటిమిట్ట నుంచి కాళహస్తి దాకా: పద్యం వెంట ఒక ప్రయాణం

మా మేనకోడలికి రెండేళ్లుగా సంబంధాలు కుదరడం లేదు. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించమని ఎవరో చెప్పిన మాట అక్క మనసులో నాటుకుపోయింది. సంక్రాంతి రద్దీ తగ్గాక అక్క, బావగారు ప్రయాణం పెట్టుకుని నన్ను కూడా తోడు రమ్మన్నారు. హైదరాబాదు నుంచి నేరుగా కాళహస్తికి పోకుండా కడపలో దిగి, ఒంటిమిట్ట, తాళ్ళపాక, తిరుమల చూసుకుంటూ వెళ్దామని నేను షరతు పెట్టాను. ఉద్యోగమంతా తెలుగు పాఠాలు చెప్పి విరమించినవాణ్ణి కనుక, ఆ దారి పొడుగునా ఉన్న భక్తి కవుల పద్యాలు ఈనాడు వాళ్ల వాళ్ల గుళ్లలో ఎవరి నోట ఉన్నాయో చూడాలన్నది నా కోరిక. "కాళహస్తి మాత్రం ఆఖరున పెట్టుకో తమ్ముడూ, అక్కడ పూజ అయ్యాక ఇంకో గుడి మెట్టు ఎక్కకూడదు, నేరుగా ఇంటికే" అని అక్క తన షరతు తాను పెట్టింది.

తెల్లవారుజామున కడపలో రైలు దిగి, ఎర్రకారం దోశ తిని, మూడు రోజులకు కారు మాట్లాడుకున్నాము. కడప నుంచి తిరుపతికి ఇదే దారిలో ఆర్టీసీ బస్సులు తరచుగా ఉన్నాయి కాబట్టి మోకాళ్లు బాగున్నవారికి కారు అవసరం లేదు. ఒంటిమిట్ట గుడి రోడ్డు పక్కనే ఉంది. తాళ్ళపాకకు మాత్రం రాజంపేటలో దిగి ఆటో మాట్లాడుకోవాలి.

ఒంటిమిట్ట కోదండరాముడి గుడిలో ఆ వేళ జనం పలచగా ఉన్నారు. సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే శిలలో వెలసిన మూర్తులు. ఆ శిలలో హనుమంతుడు కనిపించడు. 1652లో ఇటు వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ ఈ గోపురాన్ని మెచ్చుకుంటూ రాశాడు. నాకు మాత్రం గోపురం కన్నా 32 స్తంభాల మండపమే ఎక్కువ నచ్చింది. ఆ మండపంలో కూర్చున్నప్పుడే ఈ ప్రయాణంలో నేను వెతుకుతున్నది ఒకసారి కళ్లబడింది. చేతిలో కూరల సంచీతో ఒక నడివయసు ఆమె వచ్చి, ఒక స్తంభాన్ని ఆనుకుని నిలబడి, కళ్లు మూసుకుని "ఎవ్వనిచే జనించు" అని మొదలుపెట్టి ఉత్పలమాల మొత్తం ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివింది. యతి దగ్గర ఆగకుండా, పాదాలు విడగొట్టకుండా, మంత్రం జపించినట్టు ఒకే ఊపిరిలో చదివింది. అది పోతన భాగవతం అష్టమ స్కంధంలోని గజేంద్రమోక్షం పద్యమని నేను అంటే, "అవునా సార్, మా అమ్మ నేర్పిన ప్రార్థన ఇది, పరీక్షలప్పుడు చదువుకునేదాన్ని" అంది. పద్యం ఎవరిదో తెలియకుండానే ఆమె దాన్ని నలభై ఏళ్లు మోసింది. క్లాసులో ఇదే పద్యానికి నేను గణవిభజన చేయించిన పిల్లల్లో ఎందరికి ఇప్పుడు గుర్తుందో నాకు అనుమానమే.

పోతనది ఈ ఊరేనా అన్న వాదం పాతది. ఏకశిలానగరమన్న పేరు ఒంటిమిట్టకూ ఉంది, ఓరుగల్లుకూ ఉంది. తెలంగాణ వారు పాలకుర్తి దగ్గరి బమ్మెరను చూపిస్తారు, కడప వారు ఈ రాముణ్ణి చూపిస్తారు. నేను బమ్మెర కూడా చూసినవాణ్ణి, తీర్పు చెప్పను. పలికించేవాడు రామభద్రుడని చెప్పుకున్న కవి ఏ రాముణ్ణి తలచుకున్నా, రెండు ఊళ్లూ ఆయనను తమవాణ్ణి చేసుకోవడంలో తప్పు లేదు.

ఇక్కడ పోతన కన్నా నా మనసును పట్టుకున్నవాడు వావిలికొలను సుబ్బారావు గారు (1863–1936). వాల్మీకి రామాయణాన్ని తెలుగు చేసి 'మందరము' అని వ్యాఖ్య రాసి ఆంధ్ర వాల్మీకి అనిపించుకున్న పండితుడు. ఉద్యోగం వదిలి, టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా బిచ్చమెత్తి, శిథిలమవుతున్న ఈ గుడికి జీర్ణోద్ధరణ చేయించాడు. ఆ చిప్ప మీదే ఒక శతకం కూడా చెప్పాడు. కవిత్వం రాసి గుడికి ఇచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. గుడి కోసం వీధిలో చేయి చాపిన పండితుణ్ణి నేను ఇంకొకరిని ఎరుగను. గుడి దగ్గరే ఇమాంబేగ్ బావి ఉంది. పిలిస్తే మీ దేవుడు పలుకుతాడా అని అడిగిన ఇమాంబేగ్ అనే అధికారి రాముణ్ణి మూడుసార్లు పిలిచి, 'ఓ' అన్న బదులు విని, భక్తితో ఈ బావి తవ్వించాడని స్థానికులు చెబుతారు. 2015లో గుడి తిరుమల తిరుపతి దేవస్థానం చేతికి వచ్చాక ఆవరణ శుభ్రత, తాగునీరు, చెప్పుల స్టాండు బాగా కుదిరాయి. బస మాత్రం ఊళ్లో అంతంత మాత్రమే. కడపలోనో రాజంపేటలోనో దిగడమే మేలు.

మేము రాజంపేటలో దిగిన లాడ్జి పేరు చెప్పను గానీ, వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా వస్తాయని బోర్డు పెట్టి, ఆరున్నరకు అడిగితే గీజరు పాడైందన్నారు. దోమలకు కొరత లేదు. అందుబాటులో ఉన్నంతలో రోడ్డు వైపు గది తీసుకోకుండా ఉంటే నిద్రైనా పట్టేది.

తాళ్ళపాక గురించి నేను అనుకున్నది ఒకటి, చూసింది మరొకటి. పెద్ద రోడ్డు పక్కన 108 అడుగుల అన్నమయ్య విగ్రహం ఉంది. కార్లన్నీ అక్కడే ఆగుతాయి, ఫోటోలు దిగుతారు, వెళ్లిపోతారు. మేమున్న అరగంటలో అక్కడి నుంచి ఊళ్లోకి మళ్లిన బండి మాది ఒక్కటే. ఊరు చిన్నది. చెన్నకేశవుడి గుడి, సిద్ధేశ్వరుడి గుడి, అన్నమయ్య ధ్యానమందిరం పక్కపక్కన ఉన్నాయి. ధ్యానమందిరంలో స్పీకరు నుంచి కీర్తన వినిపిస్తోంది, వినేవారు మేము ముగ్గురమే. 1408లో పుట్టినవాడి ఊళ్లో ఆయన పాట ఇప్పటికీ మోగుతున్నదని సంతోషించాలో, పాడే గొంతు ఒక్కటీ లేదని బాధపడాలో తేలలేదు. చెన్నకేశవుడి దగ్గర అర్చకుడు హారతి ఇస్తూ మెల్లగా "బ్రహ్మ కడిగిన పాదము" అందుకున్నాడు. రెండు చరణాలతో ఆపి, "గొంతు బాగాలేదు స్వామీ" అని నవ్వాడు. ఆ ఉదయానికి అది చాలు.

తిరుపతిలో బస్టాండు ఎదుట ఉన్న దేవస్థానం వారి శ్రీనివాసంలో గది దొరికింది. అద్దె తక్కువ, దుప్పట్లు శుభ్రం, లిఫ్టు దగ్గర మాత్రం వరస. 300 రూపాయల దర్శనం టికెట్లు అక్క నెలల ముందే ఆన్‌లైన్‌లో తీసి ఉంచింది కాబట్టి మూడు గంటల్లో బయటపడ్డాము. దర్శనమై హుండీ వైపు వచ్చే చోట తాళ్ళపాక అర అని చిన్న రాతిగది ఉంది, దాన్నే సంకీర్తన భాండాగారం అంటారు. అన్నమయ్యవీ ఆయన కొడుకు, మనుమలవీ పాటలు చెక్కిన రెండు వేలకు పైగా రాగిరేకులు శతాబ్దాల పాటు అందులోనే ఉండిపోయాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వెలికి వచ్చాకే లోకానికి తెలిశాయి. 32,000 పాడాడని ప్రతీతి, దొరికినవి అందులో సగం కన్నా తక్కువ. రేకుల మీద రాగం పేరు ఉంటుంది గానీ స్వరం ఉండదు. మనం భక్తితో కళ్లు మూసుకుని వినే చాలా వరుసలు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారితో మొదలై ఇటీవలి సంగీతజ్ఞులు కూర్చినవి. ఈ మాట బావగారికి చెప్పబోతుండగానే "జరగండి, జరగండి" అంటూ వెనక నుంచి జనం మమ్మల్ని హుండీ దాకా నెట్టుకుపోయారు. ఆ అర ముందు ఎవరూ ఆగరు, ఆగనివ్వరు.

భోజనం తరిగొండ వెంగమాంబ పేరిట ఉన్న అన్నప్రసాద కేంద్రంలో చేశాము. వేలమందికి వడ్డిస్తున్నా అన్నం వేడిగా ఉంది, చారు బాగుంది, అడిగినంత పెట్టారు. ఇన్ని హోటళ్లలో తిన్నాము గానీ ఈ ప్రయాణంలో మంచి భోజనం ఇదే. చిన్ననాటనే భర్త పోయినా వైధవ్య చిహ్నాలు ఒప్పుకోక, ఊరివాళ్ల నిందలు పడి, కొండెక్కి, 1817లో కన్నుమూసే దాకా పద్యాలూ యక్షగానాలూ రాసుకున్న ఆమె పేరు అన్నశాలకు పెట్టడం నాకు ఎంతో సముచితంగా తోచింది. కానీ ఆమె కవయిత్రి అని మా వరసలో కూర్చున్న ఎనిమిది మందిలో ఒక్కరికీ తెలియదు. రాత్రి ఏకాంతసేవలో స్వామికి జోల పాడేది తాళ్ళపాక వంశం వారు, ఆఖరి హారతి వెంగమాంబ పేర జరిగే ముత్యాల హారతి. "తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి" అన్న నానుడి దాని నుంచే వచ్చింది. మేము ఆ వేళ గుడి ఎదుట నాదనీరాజనం వేదిక ముందు చలికి శాలువాలు కప్పుకుని కూర్చున్నాము. లోపలి లాలి బయటికి వినిపించదు. రోజూ జరిగే ఆ పాటకు శ్రోత ఒక్కడే కదా అన్న ఆలోచన, దర్శనంలో దొరికిన రెండు క్షణాల కన్నా ఎక్కువ సేపు నాతో నిలిచింది.

మూడో రోజు శ్రీకాళహస్తి. తిరుపతి నుంచి గంట దారి. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. ఇప్పుడున్నది 2017లో పూర్తయిన కొత్తది. బండి దిగగానే పూజ సామగ్రి తానే ఇప్పిస్తానని ఒకడు వెంటపడ్డాడు. టికెట్టుతోనే సామగ్రి లోపల ఇస్తారు, ఎవరి మాటా వినవద్దు. మేము వెళ్లినప్పుడు టికెట్లు 500 రూపాయల నుంచి మొదలయ్యాయి, ధర పెరిగిన కొద్దీ కూర్చోబెట్టే చోటు మారుతుంది. పెద్ద మండపంలో జంటలూ కుటుంబాలూ వరసలుగా కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు ఎరుపు, నలుపు గుడ్డముక్కలు, ఉలవలు, మినుములు, రెండు చిన్న నాగపడగలు. మైకులో అర్చకుడు తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి చెబుతుంటే అందరూ ఒకేసారి ఉలవలు పోస్తున్నారు. ముప్పావు గంటలో ముగిసింది. ఏర్పాటు చూస్తే మెచ్చుకోవలసిందే, తొక్కిసలాట లేదు, ఎవరూ చేయి చాపలేదు.

అక్క కళ్లు మూసుకుని పెదవులు కదుపుతుంటే నాకు ధూర్జటి గుర్తుకు వచ్చాడు. రాయల ఆస్థానంలో ఉండి కూడా రాజుల్ మత్తులన్న కవి ఈ స్వామి పేరే మకుటం చేసుకుని నూరు పైచిలుకు పద్యాలు చెప్పాడు. కొడుకులు పుట్టలేదని ఏడ్చేవాళ్లను అవివేకులన్నాడు. నూరుగురు కొడుకులున్న కౌరవేంద్రుడికి ఏ గతి పట్టింది, కొడుకే లేని శుకుడికి ఏం తక్కువైందని అడిగాడు. ఇంకొక పద్యంలో నిన్ను సేవిస్తుంటే ఆపదలు రానీ, ఉత్సవాలు రానీ, "గ్రహగతుల్ గుందింపనీ", అన్నీ నాకు భూషణాలే అన్నాడు. గ్రహాల బాధ తీరాలని దేశమంతా వచ్చే గుడిలో, ఆ బాధ ఆభరణమన్న పద్యం పుట్టింది. గుడి అంతా తిరిగినా ఆ పద్యం నాకు ఏ గోడ మీదా కనబడలేదు, మైకులోనూ వినబడలేదు.

వాయులింగం దగ్గర గాలి లేకున్నా రెపరెపలాడే దీపం చూసి బయటికి వచ్చి, స్వర్ణముఖి వైపు అరుగు మీద కూర్చున్నాక ఉండబట్టలేక ఆ పద్యం పూర్తిగా చదివి అర్థం చెప్పాను. బావగారు తల ఊపారు. అక్క శ్రద్ధగా విని, ప్రసాదం పొట్లం కొంగున ముడి వేసుకుంటూ, "పద్యం బాగుంది రా. మరి ఆయనకు పెళ్లి కావలసిన కూతురుందా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. రేణిగుంటలో రైలుకు ఇంకా మూడు గంటల వ్యవధి ఉంది. దారిలో మంచి అమ్మవారి గుడి ఒకటి ఉందని డ్రైవరు కారు నెమ్మది చేయబోతే, అక్క అటు వైపు చూడకుండా తల తిప్పుకుని "పోనీ బాబూ, నేరుగా స్టేషనుకే పోనీ" అంది.