బాండులో మీ వయసు ‘అంగీకరించినట్టు’ ఉందా? మా ఇంటి పాలసీల అనుభవం

మా ఇంట్లో జీవిత బీమా పాలసీలు చాలా ఏళ్లుగా ఉన్నాయి. బాపువి, అమ్మది, నావి. మెచ్యూరిటీ డబ్బులు తీసుకున్నాం, బాపు పోయాక డెత్ క్లెయిమూ పెట్టాం. బోనస్ గురించి, రాబడి గురించి చెప్పేవాళ్లు బోలెడు మంది ఉన్నారు. నేను చెప్పేది వయసు రుజువు గురించి మాత్రమే. సంస్థ పేరు రాయను.

నా పాలసీలతో ఏ ఇబ్బందీ రాలేదు. ప్రపోజల్ ఫారంతో పాటు టెన్త్ మెమో జిరాక్స్ ఇచ్చాను. మెచ్యూరిటీ దాకా మళ్లీ ఎవరూ వయసు అడగలేదు.

బాపు బడి మధ్యలో మానేసి వ్యవసాయంలోకి దిగిన మనిషి. అలాంటివాళ్ల దగ్గర అప్పట్లో జాతకమో, పెద్దల డిక్లరేషనో తీసుకుని పాలసీ ఇచ్చేవారు. వీటిని నాన్-స్టాండర్డ్ రుజువులంటారు. టెన్త్ మెమో, మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు, సర్వీసు రిజిస్టరు లాంటివి స్టాండర్డ్. బాపు పాలసీ పెద్దల డిక్లరేషన్ మీద వచ్చింది, వయసు అంగీకరించినట్టు, అంటే రుజువు చూసి సంస్థ ఆ వయసుని ఒప్పుకున్నట్టు, రికార్డులో లేదు. ప్రీమియం మాత్రం ఏటా కట్టించుకున్నారు.

క్లెయిమ్ పెట్టాక బయటపడింది. బాండు లెక్కకీ ఆధార్‌కీ నాలుగేళ్ల తేడా. ఆధార్‌లో జనవరి 1 అని ఉంది. తేదీ తెలియక వయసు మాత్రమే చెప్పినవాళ్లకి అలాగే పడుతుంది, మా ఊళ్లో ఆ తరం వాళ్లలో చాలామందిదీ జనవరి 1 పుట్టినరోజే. పాలసీ రద్దు చేస్తారేమోనని అమ్మకి ఒకటే టెన్షన్.

చట్టం చూస్తే అంత భయం అక్కర్లేదని తెలిసింది. బీమా చట్టం 1938లోని 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటిన పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు. కానీ వయసు రుజువు ఎప్పుడైనా అడగొచ్చు, తప్పని తేలితే లెక్క సవరించొచ్చు. ఆ వెసులుబాటు అదే సెక్షన్‌లో ఉంది. చివరికి బాపు చదివిన ప్రాథమిక పాఠశాల అడ్మిషన్ రిజిస్టర్ నకలు, హెడ్మాస్టర్ సంతకం, ముద్రతో తెచ్చి ఇచ్చాం. బాండులో ఉన్నదానికంటే ఆయన రెండేళ్లు పెద్ద. ఆ తేడా ప్రీమియం, దాని మీద వడ్డీ మినహాయించుకుని మిగతాది అమ్మ ఖాతాలో వేశారు.

ఆ మినహాయింపు న్యాయమే, వయసు పెరిగితే ప్రీమియం పెరగాల్సిందే. నాకు కోపం వచ్చింది వేరే దానికి. బాపు బతికి ఉన్నన్నాళ్లూ ఏటా నోటీసు పంపారు కదా, ఒక్కసారైనా ‘మీ వయసు రుజువు ఇంకా రాలేదు’ అని అందులో రాసి ఉంటే? ఆయనే స్వయంగా బడికి వెళ్లి తెచ్చుకునేవారు. మనిషి పోయిన ఇంట్లో, ఏడుపు ఆగక ముందే, ఆ పని అమ్మ మీద పడింది. ఇది చాలా పెద్ద లోపం.

ఆధార్ ఒక్కటే చాలనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదంది, పాఠశాల ధ్రువపత్రాన్నే తీసుకుంది. తెలంగాణ రైతు బీమాలో అయితే ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అక్కడ 18 నుంచి 59 ఏళ్ల వయసు లెక్క ఆధార్ ప్రకారమే చూస్తారు. కార్డులో వయసు ఎక్కువ పడిన రైతు పేరు ముందే తీసేస్తారు, ఆయన పోతే ఆ ఇంటికి రావాల్సిన 5 లక్షల బీమా డబ్బు రాదు. ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చుకోనిస్తారు కాబట్టి సరైన కాగితం చేతిలో పెట్టుకునే వెళ్లాలి.

అమ్మ పాలసీకి మేము ఆగలేదు. ఆమె ఏడో తరగతి టీసీ బ్రాంచిలో ఇచ్చి వయసు నమోదు చేయించాం. మీరూ బ్రాంచిలో పాలసీ స్టేటస్ రిపోర్టు అడిగి, ‘ఏజ్ అడ్మిటెడ్’ అన్నచోట ఏముందో చూడండి. ‘నో’ అని ఉంటే కాగితం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్న నకలు బాండుతోనే పెట్టండి, ఎక్కడ పెట్టారో నామినీకి చెప్పండి.