చీనీ తోటలో రెడీమేడ్ ఇల్లు, రెండేండ్ల తర్వాత నా రివ్యూ

అనంతపురం జిల్లా నార్పల పక్క మా చీనీ (బత్తాయి) తోటలో రెడీమేడ్ ఇల్లు పెట్టి రెండేండ్లు దాటింది. దారిన పోయేటోళ్లు బండి ఆపి "ఎంతయిందప్పా, దీనికి లోన్ ఇస్తారా, అమ్మితే ఎంతొస్తాది" అని అడుగుతానే ఉండారు, ఒక్కొక్కరికి చెప్పలేక ఈడ రాస్తాండా. కంపెనీ పేరు మాత్రం అడగొద్దండి, తిట్టేది కూడా ఉంది కాబట్టి చెప్పను.

సైజు 30×10 అడుగులు, అంటే 300 చదరపు అడుగులు. ఒక బెడ్రూము, హాలు లాంటిది ఒకటి, బాత్రూము. ఇనుప ఫ్రేము, గోడలు 50 ఎంఎం పఫ్ ప్యానెల్, అంటే రెండు రేకుల మధ్య ఫోమ్ పోసింటారు, కింద సిమెంట్ బోర్డు మీద వినైల్ షీటు. అడుగు 1,500 లెక్కన 4,50,000, దాని మీద జీఎస్టీ 18 శాతం అంటే ఇంకో 81,000, బెంగుళూరు నుంచి ట్రైలర్ బాడిగ, దించేదానికి హైడ్రా క్రేను కలిపి 38,000. కింద దిమ్మెలు, సెప్టిక్ ట్యాంకు, కరెంటు అన్నీ మనమే చూసుకోవాల, వాళ్ల కొటేషన్లో అవి ఉండవు. మొత్తం ఆరున్నర దాటింది.

వచ్చిన రోజు చూడాల్సిందే. ట్రైలర్ మా సందులో తిరగక రెండు వేపకొమ్మలు కొట్టినాం, ఊర్లో పిల్లోళ్లంతా వెనకాలే. మా జేజి "దేవున్ని ఊరేగించినట్టు ఇంటిని ఊరేగిస్తాండారే" అని నవ్వి, దిష్టి తీయకుండా దించనీయలేదు, హైడ్రావోడు గుమ్మడికాయ పగిలేదాకా ఇంటిని గాల్లోనే పట్టుకోని నిలబడినాడు. మూడు గంటల్లో దిమ్మెల మీద కూర్చోబెట్టి బోల్టులు బిగించేసినారు, సాయంత్రానికి ఫ్యాన్ తిరిగింది. ఇటుకలతో కట్టింటే ఆ పాటికి మేస్త్రీ అడ్వాన్సు తీసుకోని ఫోన్ ఎత్తకుండా ఉండేటోడు.

ఎండ సంగతి నిజం చెప్తా. ఏసీ ఏస్తే పది నిమిషాల్లో చల్లగా అయితాది, కరెంటు పోతే ఇంకో పది నిమిషాల్లో పెనం అయితాది. మా పాత మట్టి మిద్దెలో మే నెల మధ్యాన్నం పండుకున్నా ఇంత ఉక్క లేదు. తర్వాత పైన ఒక అడుగు ఎత్తులో పైపులు నిలబెట్టి గ్రీన్ షేడ్ నెట్ కట్టినాం, అప్పటినుంచి పర్వాలేదు. పైకప్పుకు 80 ఎంఎం అడిగింటే బాగుండేది, మాకు ఎవరూ చెప్పలేదు.

ఇంక అసలు కథ లోను. ఇల్లే కదా, హోమ్ లోన్ వస్తాది అనుకోని బ్యాంకుకు పోయినా. 30 లక్షల లోపు హోమ్ లోన్ అయితే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇయ్యొచ్చని రిజర్వ్ బ్యాంకు రూలు ఉంది, అది చదువుకోని శానా ధైర్యంగా పోయినా. మేనేజర్ సారు కొటేషన్ చూసి ఒకటే మాట అన్నాడు, "లారీలో వచ్చింది లారీలో పోతాది, నువ్వు కంతులు కట్టకపోతే నేను వచ్చేసరికి అది యాడుంటుందో నాకెట్ల తెల్సు?" కోపం వచ్చింది గానీ ఆయన చెప్పింది కరెక్టే. హోమ్ లోన్ అంటే స్థిరాస్తి మీద తాకట్టు, డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద వేరే తాకట్లు ఉండాయో లేదో చూపే కాగితం), అప్రూవల్ ప్లాను, ఇంజినీరు వాల్యుయేషను అన్నీ కావాల. మాదేమో కన్వర్షన్ కాని, అంటే ఇండ్ల జాగాగా మార్పించని వ్యవసాయ భూమి. బాకీ ఎగ్గొడితే కోర్టుకు పోకుండానే బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకునే చట్టం ఒకటి ఉంది, సర్ఫేసీ అంటారు, అది వ్యవసాయ భూమికి వర్తించదు. బ్యాంకోళ్లకు పట్టు లేని చోట దుడ్లు యాడ ఇస్తారు.

చివరికి 4 లక్షలు పర్సనల్ లోన్ తీసుకున్నా, 13.5 శాతం, నాలుగేండ్లు, కంతు 10,830. ఇదే 8.5 శాతానికి హోమ్ లోన్ దొరికింటే 9,860 దగ్గర. నెలకు దగ్గర దగ్గర వెయ్యి తేడా, ఆ వెయ్యి కట్టినప్పుడల్లా ఆ లారీ మాట గుర్తొస్తాది.

టెక్సాస్‌లో మా చిన్నాయన కొడుకు ఉండాడు, వానికి చెప్తే పగలబడి నవ్వినాడు, "అన్నా, ఈడ కూడా అదే గోల" అని. వాళ్ల దేశంలో ఫ్యాక్టరీలో చేసి చక్రాల మీద తెచ్చే ఇండ్లు శానా ఉండాయంట, మ్యానుఫ్యాక్చర్డ్ హోమ్స్ అంటారు. 1976 జూన్ 15 నుంచి వాటికి హడ్ కోడ్ అని కేంద్ర ప్రభుత్వం రూలు, ఆ తర్వాత తయారైన ప్రతి భాగానికి బయట ఎర్ర రేకు బిళ్ల ఒకటి కొట్టింటారు. బిళ్ల లేకపోతే అమ్మేటప్పుడూ లోన్ పెట్టేటప్పుడూ తిప్పలే, పోయిన బిళ్లను మళ్లీ ఇయ్యరు, నంబరు వెరిఫై చేసిన లెటర్ మాత్రం వస్తాది. ఇట్లాంటి ఇండ్ల కోసమే ఉండే పార్కులో జాగా బాడిగకు తీసుకోని ఇల్లు పెట్టుకుంటే అది కారు మాదిరి చరాస్తి, చాటెల్ లోన్ అని ఎక్కువ వడ్డీకి, తక్కువ ఏండ్లకు ఇస్తారు. అదే ఇంటిని సొంత జాగాలో పర్మనెంట్ పునాది మీద బిగించి, కాగితాల్లో స్థిరాస్తి అని రాయించుకుంటే మామూలు మార్ట్‌గేజ్, అంటే మన హోమ్ లోన్ లాంటిది వస్తాది, ఎఫ్‌హెచ్ఏ అని ఆడి ప్రభుత్వ సంస్థ హామీ ఉండే లోన్లు కూడా ఉంటాయి. రేటు పెరిగేది కూడా జాగాతోనే, పార్కులో ఉండే ఉత్త డబ్బా పాత బండి లెక్క తగ్గుతా పోతాదంట, పైగా జాగా బాడిగ పెంచితే నోరు మూసుకోని కట్టాల, ఎందుకంటే ఇంటిని ఇంకో చోటికి జరపాలంటే వేల డాలర్లు.

మాకు జాగా మాదే, అంతవరకు నయం. కానీ ఇంటి రేటు సంగతి మొన్న తేలింది. అమ్మినోనికే ఫోన్ చేసి ఊరికే "వాపసు తీసుకుంటే ఎంతిస్తావన్నా" అని అడిగినా. రెండు లక్షల దగ్గర మొదలుపెట్టినాడు, అదీ హైడ్రా, ట్రైలర్ నావే అంట. ఇనుము తూకానికి పోతాది కానీ ప్యానెల్‌కు, బాత్రూముకు ఎవరూ పైసా లెక్కేయరు. తోట మొత్తం అమ్మేటట్టయితే కొనేటోడు ఇల్లు చూసి ఇంకొంచెం ఎక్కువ పెడతాడేమో, డబ్బా మటుకు అమ్ముకోవాలనుకుంటే సగం కూడా రాదు.

ఇప్పుడు తిట్లు. ఏసీ పైపు కోసం వాళ్లే కోసిన బొక్క చుట్టూ సిలికాన్ సరిగ్గా పెట్టలేదు, మొదటి వానకే నీళ్లు ప్యానెల్ లోపలికి దిగి కింద అంచున తుప్పు మరకలు వచ్చినాయి, గోరుతో గీకితే పెయింటు పొరలు పొరలుగా లేస్తాంది. బాత్రూము గడప కాడ బోర్డు ఉబ్బి తలుపు రాసుకుంటాంది. వారంటీ ఏడాది అన్నారు, పదో నెలలో ఫోన్ చేస్తే "మనిషిని పంపిస్తా సార్" అన్నాడు, ఆ మనిషి ఇంకా దారిలోనే ఉండాడు.

అయినా 5కి 3 ఇస్తా. రాత్రిపూట మోటరు కాడికి వచ్చినప్పుడు పాముల భయం లేకుండా పండుకునేదానికి, కాయ కోతకు వచ్చిన కూలోళ్లకు నీడకు, బాత్రూముకు బాగుంది. ఆస్తి అనుకోని మాత్రం కొనొద్దండి. కొనేటోళ్లు ప్యానెల్ మందం, ఫ్రేము ఇనుము కొలతలు బిల్లులోనే రాయించుకోండి, హోమ్ లోన్ కావాలంటే ముందు కన్వర్షన్, ప్లాను చూసుకోని బ్యాంకులో అడిగినంక అడ్వాన్సు ఇయ్యండి. నేను ముందే ఇచ్చేసినా.