తిరుపతిలో పెళ్లికి గదులు తీసుకునేవాళ్లకు

మా పిన్ని కొడుకు పెళ్లికి తిరుపతి పోయొచ్చాం. ముహూర్తం తప్పలేదు, ఓళిగల మీద నెయ్యికి లోటు లేదు. రాయాల్సిందల్లా లాడ్జి గురించే.

పెళ్లికూతురు జర్మనీ పిల్ల. పెళ్లి ముందురోజు రాత్రి చుట్టాలూ స్నేహితులూ చేరి ఇంటి ముందు పింగాణీ పళ్లేలు పగలగొట్టడం వాళ్ల ఆచారం, పోల్టర్‌ఆబెండ్ అంటారు. పెంకులు అదృష్టం తెస్తాయట. గాజు మాత్రం పగలగొట్టరు. పోగైన ముక్కలన్నీ కాబోయే మొగుడూ పెళ్లాం కలిసి ఊడవాలి.

బస్టాండు దగ్గరి లాడ్జిలో ఏసీ గది రోజుకు 2,400. వెనక బండ్లు పెట్టేచోట అరగంట పనుంది, ఊడ్చేసి ఇస్తామని మేనేజరును ముందే అడిగాం. "కానీండి సార్, పెళ్లోళ్లు గదా" అన్నాడు. బజార్లో 640 రూపాయలకు పళ్లేలూ కప్పులూ కొనుక్కొచ్చాం. వియ్యంకుడు మొదటి పళ్లెం నేలకేసి కొట్టగానే మా అమ్మమ్మ లేచిపోయి గది తలుపేసుకుంది. ఆమె కోపమూ న్యాయమే. ఆ పొద్దున్నే కుమ్మరింటి నుంచి అరివేణి కుండలు మేళంతో, బీట పడకుండా తెచ్చుకున్నాం. రాత్రికి ఈ భాగోతం! మా వాడు పొరక పట్టుకుంటే మాత్రం పిన్నికి నవ్వాగలేదు.

మర్నాడు బిల్లులో నేల డ్యామేజీ 3,000, క్లీనింగు 500. సిమెంటు నేల మీద గీత కూడా లేదు! పైగా 24 గంటల లెక్కట, ఇరవై నిమిషాలు దాటినందుకు మరో 1,200. అనుమతి ఇచ్చిన మేనేజరు డ్యూటీలో లేడు. గంటసేపు అరిచి 2,000కు తెగ్గొట్టాం. గది ఎన్ని గంటలకు ఖాళీ చేయాలో, దేనికెంతో కాగితం మీద రాయించుకోకుండా తాళంచెవి తీసుకోవద్దు.

కొండ మీద చేసుకోకపోయారా అని అందరూ అడిగారు. పాపవినాశనం రోడ్డులోని కల్యాణవేదికలో దేవస్థానం ఉచితంగానే పెళ్లి చేయిస్తుంది, పురోహితుడూ మేళమూ వాళ్లే ఇస్తారు, తాళిబొట్టు మనం తెచ్చుకోవాలి. కానీ వధూవరులిద్దరూ హిందువులై ఉండాలి. అందుకే కింద మండపం. అడ్డుతెర, జీలకర్ర బెల్లం జర్మనీ వాళ్లకు వింతే గానీ తలంబ్రాలకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. చర్చి గుమ్మంలో కొత్త జంట మీద బియ్యం చల్లే అలవాటు వాళ్లకూ ఉంది. పెళ్లికూతురి స్నేహితురాలు పోలండు పిల్ల. తమ దగ్గర పెళ్లయి వచ్చిన జంటకు తల్లిదండ్రులు రొట్టె, ఉప్పు ఇచ్చి ఎదురొస్తారని చెప్పింది.

తిరుపతి దాకా వచ్చి నారాయణవనం చూడకుండా పోతే నా లెక్కలో దండగ. పుత్తూరు దగ్గర, కారుకు 2,200 అయింది. ఆకాశరాజు కూతురు పద్మావతికీ శ్రీనివాసుడికీ పెళ్లి జరిగిందంటారు ఇక్కడే. తొక్కిసలాట లేదు. ఆ పెళ్లికి వాడారని చెప్పే పెద్ద రాతి తిరగలి ఉంది. వియ్యపురాలు దాన్ని వదిలి రానంది. అమ్మమ్మే ఆమె పక్కన నిలబడి విసరడం ఎట్లాగో చేత్తో చూపించింది. అలక అక్కడ తీరింది. కుబేరుడి అప్పు కథ వినగానే వియ్యంకుడు వడ్డీ ఎంతని అడిగాడు.

ఆ తర్వాత శ్రీనివాస మంగాపురం. కొత్త దంపతులు ఆరు నెలలు కొండెక్కకూడదని స్వామివారూ అమ్మవారూ అక్కడే అగస్త్యుడి ఆశ్రమంలో ఆగారని స్థలపురాణం. అమ్మమ్మ అది పట్టుకుంది. వీళ్లిద్దరూ ఇప్పుడు కొండకు పోకూడదు, ఆరు నెలలయ్యాక జర్మనీ నుంచి మళ్లీ రావాలంది. సెలవు దొరకదని మా వాడు మొత్తుకున్నా వినలేదు. విమానం టికెట్లు ఎవరు కొనాలో మాత్రం చెప్పలేదు.